గీస్ బెండ్ క్విల్టులు: పేరు ఊరిదా, కుట్టినామెదా?

స్కేలు పక్కన పెట్టి, ముందుగా బొమ్మేదీ గీసుకోకుండా, చేతికందిన గుడ్డ కత్తిరించి, దాని పక్కన ఏ ముక్క నప్పుతుందో చూసుకుంటూ కుట్టుకుపోవడాన్ని ఇప్పుడు ఇంప్రొవ్ క్విల్టింగ్ అంటున్నారు. క్విల్టు అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టే, మన బొంతలాంటి దుప్పటి. ఆన్‌లైన్‌లో నేర్పేవాళ్లకీ నేర్చుకునేవాళ్లకీ కొదవ లేదు. కుట్టినదాన్ని ఫొటో తీసి ‘గీస్ బెండ్ స్టైల్’ అని రాసి పెడతారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఆ అమరికనే ప్యాటర్నుగా అమ్ముతారు. ఆ పోస్టుల కింద గొడవ మొదలవుతుంది: అసలు ఎవరి డిజైనిది, ఆమె పేరేది? 2024 ఫిబ్రవరిలో అమెరికన్ రిటైల్ సంస్థ టార్గెట్, నల్లజాతి చరిత్రని గుర్తుచేసుకునే ‘బ్లాక్ హిస్టరీ మంత్’ కోసమని గీస్ బెండ్ డిజైన్లతో స్వెటర్లూ నీళ్ల సీసాలూ అమ్మకానికి పెట్టాక ఈ వాదన క్విల్టర్ల గుంపులు దాటి పత్రికల దాకా వెళ్లింది. అప్పటినుంచి ఏదో ఒక సాకుతో మళ్లీ రాజుకుంటూనే ఉంది.

గీస్ బెండ్ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, అలబామా నది వంపులో ఉన్న నల్లజాతి పల్లె. బానిసత్వం, ఊళ్లో చాలామందికి ఒకప్పటి యజమాని ఇంటిపేరు ‘పెట్‌వే’యే మిగిలిపోవడం, 1965లో మార్టిన్ లూథర్ కింగ్ అక్కడికి రావడం వంటివి చాలాచోట్ల రాసిన సంగతులే. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనతో ఆ ఊరి క్విల్టర్లకి ప్రపంచఖ్యాతి వచ్చిన సంగతీ అంతే. చాలామంది ఆ ప్రదర్శననే మలుపు అంటారు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే మాత్రం చూడాల్సింది 2002 కాదు, 2007. ఆ ఏడాదే ఆ ఊరి ఆడవాళ్లు కోర్టుకెక్కారు.

కోర్టుకెళ్లినవాళ్లలో ఆనీ మే యంగ్ ఒకరు. 1976 ప్రాంతంలో ఆమె కుట్టిన ఒక క్విల్టు నడుమ ఎరుపు, పసుపు కార్డురాయ్ (నిలువు చారలు తేలిన మందపాటి గుడ్డ) పట్టీలు భగ్గుమంటుంటాయి. చుట్టూ పాత పనిబట్టల డెనిమ్, వెలిసి తేలిన నీలం. ఇలాంటి క్విల్టుల్లో ఒక్కోచోట జేబు ఊడదీసిన మేర మాత్రం ముదురు రంగు మిగిలి ఉంటుంది. ప్యాంటు తొడుక్కున్న మనిషి ఎండలో ఎంతకాలం పనిచేశాడో ఆ చతురస్రం చెప్పేస్తుంది. యంగ్ కుట్టిన ఆ క్విల్టుని కట్టెల మోపు మీద పరిచి తీసిన ఫొటో ఒక పుస్తకంలో వచ్చింది. అది చూసి విలియం ఆర్నెట్ అనే కళాసేకర్త 1990ల చివర్లో ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. పాత క్విల్టులు కొన్నింటిని దోమల పొగకని అప్పటికే తగలబెట్టేశామని ఆమె చెప్పిందట. మిగిలినవాటికి ఆయన వేల డాలర్లలో చెక్కు రాసిచ్చాడు. అప్పటిదాకా ఆ ఊళ్లో క్విల్టు ధర పది డాలర్లో ఇరవై డాలర్లో అనుకునేవాళ్లకి నమ్మబుద్ధి కాకపోవడంలో వింతేముంది?

అసలు చిక్కు ఆ చెక్కు దగ్గర లేదు. క్విల్టు ఒక సరుకు, దాని మీది డిజైను వేరే సరుకు. 1978 నుంచి అమల్లో ఉన్న అమెరికా చట్టం ప్రకారం వస్తువు అమ్మినంత మాత్రాన కాపీరైట్ దాంతోపాటు చేతులు మారదు, దానికి విడిగా రాతకోతలు కావాలి. ప్రదర్శన హిట్టయ్యాక డిజైన్లు రగ్గుల మీదికీ, పడకగది సామాను మీదికీ ఎక్కాయి. 2006లో తపాలా శాఖ పది క్విల్టులతో స్టాంపులు కూడా వేసింది. అప్పటికి ఆ రెండో సరుకు విలువ ఎంతో అందరికీ తెలిసొచ్చింది. డిజైన్ల వాడకం మీద తమకు రావలసింది రాలేదనీ, హక్కుల కాగితాల విషయంలో తమను మోసగించారనీ యంగ్, మరో క్విల్టర్ లోరెట్టా పెట్‌వే ఆర్నెట్ కుటుంబం మీద ఫెడరల్ కోర్టులో దావాలు వేశారు. లోరెట్టా కథ విన్నవాళ్లకి ఆ కోపం ఎక్కడిదో తేలిగ్గానే అర్థమవుతుంది. చిన్నప్పటినుంచీ కష్టాలే, కుట్టడం ఇష్టమై కాదు, పిల్లలకి చలి ఆగాలని కుట్టాను అని చెప్పుకున్న మనిషి ఆమె. అలా కుట్టిన పట్టీలే మ్యూజియం గోడకెక్కి, తర్వాత దుకాణంలోకి దిగాయి.

ఆర్నెట్ కుటుంబం ఆరోపణలన్నీ కొట్టిపారేసింది. వాళ్ల వైపు నిలబడ్డ క్విల్టర్లు కూడా ఊళ్లో ఉన్నారు. 2008లో దావాలు రాజీతో ముగిశాయి, షరతులు బయటికి రాలేదు. తీర్పంటూ లేదు కాబట్టి రెండు పక్షాలూ ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటూనే ఉన్నాయి. కానీ ‘గీస్ బెండ్’ అనే ఊరిపేరు బ్రాండుగా మారి, కుట్టిన మనిషి పేరు దాని వెనక్కి పోయిందని ఆ దావాలు తేల్చి చూపించాయి. ఇవాళ ఎవరైనా ‘గీస్ బెండ్ స్టైల్’ అని ట్యాగ్ పెట్టి ఊరుకుంటే క్రెడిట్ ఇచ్చినట్టేనా అన్న ప్రశ్నకి మూలం ఇదే.

పాతకాలంలో ఇలా లేదా అంటే, సగం ఇలాగే ఉంది. 1966లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే మతగురువు చొరవతో ఆ చుట్టుపక్కల ఊళ్ల నల్లజాతి ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఓటు నమోదు చేయించుకున్నందుకు పనులూ ఇళ్లూ పోగొట్టుకున్న కుటుంబాలకి అది ఆసరా. న్యూయార్క్ దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. కానీ దుకాణానికి కావలసింది ఒకే కొలత, ఒకే డిజైను. మనసుకి తోచినట్టు కుట్టే చేతుల్ని పట్టుకొచ్చి అచ్చు పోసినట్టు కుట్టమన్నారు. 1972లో సియర్స్ అనే పెద్ద రిటైల్ సంస్థకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చింది. గలీబులు చూడబోతే ఉత్త విసుగు పని. మిగిలిన కార్డురాయ్ పేలికలు మాత్రం ఇళ్లకు చేరి గొప్ప క్విల్టులయ్యాయి. అలా కుట్టుకున్నవాటి మీద పేరు ఉండదు, ఎవరిదో ఊరందరికీ తెలుసు. సంఘం పేరుతో అమ్మినవాటి సంగతి అది కాదు. ఎస్టెల్ విథర్‌స్పూన్ ఏళ్ల తరబడి నడిపిన ఆ సంఘం 2012లో మూతపడింది. దానిలో ఒక మంచి ఉంది: డబ్బు ఒకరిద్దరికి కాదు, సభ్యులందరికీ అందేది.

ఇప్పుడు ‘మీరు మాత్రం ఒకరిది చూసి ఒకరు కుట్టుకోలేదా?’ అన్న వాదన వినిపిస్తుంది. నిజమే, కుట్టుకున్నారు. నడుమ ఒక చదరం పెట్టి చుట్టూ పట్టీలు తిప్పుకుంటూ పోయే ‘హౌస్‌టాప్’ గీస్ బెండ్‌లో ప్రతి ఇంట్లోనూ ఉంది. ఎండకి తీగ మీద ఆరేసిన క్విల్టుని దారిన పోయేవాళ్లు చూసి, ఇంటికెళ్లి తమ తరహాలో కుట్టుకునేవాళ్లు. అమ్మ వాళ్లు చుట్టూ కూచుని కుడుతుంటే పిల్లలు ఫ్రేము కింద దూరి సూది పైకీ కిందికీ పోవడం చూస్తూ నేర్చుకున్నారు. ఎవరి దారిలో వాళ్లు కుట్టడాన్ని అక్కడ ‘నా పద్ధతి’ అనేవాళ్లు. హౌస్‌టాప్ మీద ఎవరికీ కాపీరైట్ రాదు, చదరాలకీ గీతలకీ ఉత్త పద్ధతికీ చట్టం హక్కు ఇవ్వదు. ఒక ఫలానా క్విల్టులోని రంగుల, ముక్కల అమరికని ఉన్నదున్నట్టు దింపి అమ్మడం వేరే వ్యవహారం. పద్ధతి నేర్చుకుంటున్నవాళ్లని ఎవరూ తప్పుపట్టడం లేదు. ఆనీ మే యంగ్ క్విల్టుని ముక్కకి ముక్క దింపి పైన తన పేరు వేసుకునేవాళ్లతోనే పేచీ.

ఇలాంటిదే మన పక్కనా ఉంది. కర్ణాటకలో ఎల్లాపూర్, హళియాళ్ చుట్టుపక్కల ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ది ఆడవాళ్లు పాత చీరలతో, బట్టలతో కుట్టే కవంది మన బొంతకి దగ్గరి చుట్టం. అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ రావడం దాని ప్రత్యేకత. ఇప్పుడు దాన్ని అమెరికాలో డబ్బు కట్టించుకుని క్లాసుల్లో నేర్పుతున్నారు. అక్కడా అడగాల్సింది ఇదే, ఎవరి దగ్గర నేర్చుకున్నారని.

గీస్ బెండ్ విషయంలో ఈమధ్య కొంత కదలిక వచ్చింది. లోరెట్టా పెట్‌వే, మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగోలకి 2015లో జానపద కళాకారులకి అమెరికా ప్రభుత్వం తరఫున ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది. 2021 నుంచి అక్కడి క్విల్టర్లు కొందరు చేతివస్తువులు అమ్మే ఎట్సీ వెబ్‌సైట్లో సొంత పేరుతో దుకాణాలు తెరిచారు. కుట్టినామె పేరు, ఆమె ఫొటో, ఆమె పెట్టుకున్న ధర, అన్నీ ఒకేచోట. టార్గెట్ కూడా ఊరిపేరుతో సరిపెట్టలేదు, ఐదుగురు క్విల్టర్లతో నేరుగా ఒప్పందం చేసుకుంది. అయితే వాళ్లకి దక్కింది అమ్మకాల్లో వాటా కాదు, ఒకేసారి ఇచ్చిన మొత్తం. ముందే మాట్లాడుకున్న ఫీజే చెల్లించామని సంస్థ అంటోంది. ఒప్పందానికి తప్పు పట్టేవాళ్లు మాత్రం ఆ ఐదుగురూ రెండు కుటుంబాలవాళ్లేననీ, 1966 సంఘంలో లాగా ఇందులో ఊరికి వాటా లేదనీ గుర్తు చేస్తున్నారు.