రికవరీ ఫోన్లు: హెడ్‌సెట్ అవతలి వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

తొమ్మిదేళ్లు కలెక్షన్స్‌లో, అంటే బ్యాంకుల బాకీలు వసూలు చేసే పనిలో ఉన్నాను. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీలో టెలీకాలర్‌గా చేరి, టీమ్ లీడర్‌నయ్యి, ఆఖరికి మానేశాను. ఇప్పుడు ఒక లాయరు గారి ఆఫీసులో అప్పుల కేసుల కాగితాలు చూస్తున్నాను. వచ్చినవాళ్లు తమకొచ్చిన ఫోన్ల గురించి చెబుతుంటే తల దించుకోవాల్సి వస్తుంది. వాళ్లని అంతగా భయపెట్టిన మాటల్లో కొన్ని ఒకప్పుడు నేను కొత్త పిల్లలకి నేర్పించినవే.

ముందు మీకు ఫోన్ చేసేవాడి స్క్రీన్ మీద ఏముంటుందో చెప్తాను. మీ పేరు, బాకీ, వాయిదా దాటి ఎన్ని రోజులైందో (దీన్ని డీపీడీ అంటాం), మీ నంబర్లు, మీరిచ్చిన రిఫరెన్స్ నంబర్లు, పాత కాల్స్ మీద రాసిన రిమార్కులు. అడుగున ఒక చిన్న బాక్స్. కాల్ అయ్యాక అందులో ఒక కోడ్ ఎంచుకోవాలి. ఎత్తకపోతే ఆర్ఎన్ఆర్, కడతానంటే పీటీపీ, కట్టనంటే ఆర్‌టీపీ. మీ ఇంట్లో ఆస్పత్రి ఖర్చులు, ఊడిన ఉద్యోగం, ఇరవై నిమిషాల ఏడుపు, అన్నీ చివరికి ఆ మూడక్షరాల్లో సర్దుకోవాల్సిందే. ఫోన్‌లో ఏదీ తేలదు అని నేను మొత్తుకునేది ఇందుకే. తేలేది కాగితం మీదే.

అపోహ: ఫోన్ ఎత్తకపోతే వాళ్లే విసిగి మానేస్తారు

విసగడానికి అక్కడ నంబర్ నొక్కేది మనిషి అయితే కదా. డయలర్ అనే సాఫ్ట్‌వేర్ అది. ఆర్ఎన్ఆర్ పడ్డ నంబరు మళ్లీ క్యూలో చేరి, కాసేపటికి ఇంకో టెలీకాలర్ చెవిలో మోగుతుంది. కొన్నాళ్లు ఇలాగే సాగితే మనిషి దొరకట్లేదని రాసి కేసు ఫీల్డ్‌కి పంపిస్తారు. అంటే బండేసుకుని ఒకడు మీ వీధిలోకి వస్తాడు.

ఒక్కసారి ఎత్తండి. ఎత్తి, మీ కథ చెప్పకుండా మీరే అడగండి: మీ పేరేంటి, ఏ ఏజెన్సీ, ఏ బ్యాంకు తరఫున, లోన్ అకౌంట్ చివరి నాలుగంకెలు ఎంత, కేసు మీకు ఇచ్చినట్టు లెటర్ ఉందా. ఏ ఏజెన్సీకి కేసు అప్పగించిందో బ్యాంకు కస్టమర్‌కి చెప్పాలని, ఏజెంటు దగ్గర ఆథరైజేషన్ లెటరు, ఐడీ కార్డు ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది. యాప్‌లో తీసుకున్న లోన్ అయితే ఏజెంటు వివరాలు ముందు మెసేజ్‌గానో మెయిల్‌గానో మీకు అందాలి, ఆ తర్వాతే అతను ఫోన్ చేయాలి. ఈ ప్రశ్నలకి జవాబివ్వనివాడికి మీరూ ఏమీ చెప్పక్కర్లేదు. పుట్టినతేదీ, పాన్ నంబరు, ఓటీపీ అసలే వద్దు.

జవాబు చెప్పాడనుకోండి. అప్పుడు ఒకటే అడగండి: "లెక్క మెయిల్ చేయండి. అసలెంత, వడ్డీ ఎంత, పెనాల్టీ ఎంత, విడివిడిగా." ఫోన్‌లో చెప్పే టోటల్‌ని నమ్మకండి, చాలాసార్లు చెప్పేవాడికే అందులో ఏముందో తెలియదు. ఆలస్యానికి వేసే పెనాల్టీని వడ్డీ రూపంలో వేసి, దాని మీద మళ్లీ వడ్డీ లాగడాన్ని రిజర్వ్ బ్యాంకు 2024 నుంచి ఆపింది. క్రెడిట్ కార్డులకి మాత్రం ఈ రూలు వర్తించదు, అది గుర్తుపెట్టుకోండి.

అపోహ: "శుక్రవారం కడతా" అనేస్తే అప్పటిదాకా గోల ఉండదు

టెలీకాలర్‌కి కావలసిందే ఆ మాట. పీటీపీ పడింది, అతని రోజు టార్గెట్‌లో ఒకటి తగ్గింది. మీకు శుక్రవారం దాకా ప్రశాంతత దొరికేమాట నిజమే. శనివారం పొద్దున మీ పేరు 'బ్రోకెన్ పీటీపీ' లిస్టులో ఉంటుంది. ఆ లిస్టుని మా ఫ్లోర్‌లో అందరికంటే గొంతున్నవాడికి ఇచ్చేవాళ్లం. రెండుసార్లు మాట తప్పిన కస్టమర్ నిజంగా కష్టంలో ఉన్నా నమ్మేవాళ్లు ఉండరు, ఎందుకంటే రిమార్కుల్లో కష్టం కనపడదు, తప్పిన తేదీలే కనపడతాయి.

చేతిలో డబ్బుంటేనే తేదీ చెప్పండి. లేకపోతే "ఇప్పుడు కట్టలేను, ఎప్పటి నుంచి ఎంత కట్టగలనో బ్యాంకుకి రాసి పంపిస్తున్నాను" అనండి. ఆ మెయిల్ నిజంగానే పంపండి.

అపోహ: ఈఎంఐ కట్టకపోతే పోలీసులొచ్చి పట్టుకెళ్తారు

మొన్న ఒకాయన వాట్సాప్‌లో వచ్చిన నోటీసు చూపించాడు. పైన మూడు సింహాలు, ఎర్ర అక్షరాల్లో 'అరెస్ట్ వారెంట్', కింద 'ఐపీసీ 420'. ఆయన లోన్ తీసుకుంది 2025లో. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది 2024 జులై 1న. పాత టెంప్లేట్‌లో పేరు మార్చి పంపారు, సెక్షన్ మార్చడం మర్చిపోయారు. వారెంట్లు కోర్టు జారీ చేస్తుంది, పోలీసులు అమలు చేస్తారు. ఏజెన్సీవాడి ఫోన్ నుంచి వారెంట్ రాదు.

డబ్బు లేక వాయిదా తప్పడం సివిల్ వ్యవహారం. కేవలం కట్టలేకపోయినందుకు పేదవాణ్ణి సివిల్ జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. డిక్రీ (బాకీ కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు) వచ్చాక కూడా, డబ్బుండీ కావాలని ఎగ్గొడుతున్నాడని కోర్టు తేల్చినప్పుడే జైలు మాట వస్తుంది. డబ్బు డిక్రీ అమలు కోసం ఆడవాళ్లని అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ అసలే ఒప్పుకోదు.

ఇంతవరకు చదివి ఊపిరి పీల్చుకున్నవాళ్లకి రెండో సగం చెప్పాలి, ఎందుకంటే సోషల్ మీడియాలో దీన్ని వదిలేస్తున్నారు. మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయితే అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. ఈఎంఐ కోసం అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా పోయే మాండేట్ డబ్బుల్లేక తిరిగొస్తే, పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అదే శిక్ష. అయితే దీనికి ఒక దారి ఉంది. చెక్కు తిరిగొచ్చిందని తమ బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు అప్పిచ్చినవాళ్లు మీకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో మీరు కట్టేస్తే కేసుకి అవకాశం లేదు. కట్టకపోతేనే కోర్టుకి వెళ్లగలరు. కాబట్టి ఫోన్ బెదిరింపుకి భయపడకండి కానీ, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కవరు మాత్రం ఆ రోజే విప్పండి.

అపోహ: అప్పు మనది, తిట్లు పడక తప్పదు

ఇక్కడ కాస్త ఆగుతాను. తెలుగులో మాట్లాడే టెలీకాలర్ కంట్రోల్ తప్పుతున్నాడనడానికి మొదటి గుర్తు తిట్టు కాదు. 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగడం. "సార్, మీరు కట్టాలండి" అన్నవాడు "ఏం, నీకు సిగ్గుందా" అనడానికి పట్టేది రెండు నిమిషాలు. ట్రైనింగ్‌లో ఇది ఎక్కడా రాసి ఉండదు. పక్క సీటువాణ్ణి చూసి నేర్చుకుంటారు. మన దగ్గర మనిషిని కదిలించేది చట్టం కాదు, పరువు అని ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. అందుకే "మీ మామగారికి తెలుసా?", "మీ ఆఫీసుకి వస్తాం" లాంటి మాటలు.

ఇలా చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో గట్టిగా చెప్పింది. వసూలు కోసం పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ లోన్లకి ఇంకా కుదించి పొద్దున 9 నుంచి సాయంత్రం 6 వరకే. తిట్టకూడదు, బెదిరించకూడదు, పదేపదే చేసి వేధించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, ఇంట్లోవాళ్ల, స్నేహితుల, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ల ప్రైవసీలోకి చొరబడకూడదు. ఏజెన్సీ తప్పు చేస్తే "మాకు తెలియదు" అని బ్యాంకు తప్పించుకోలేదు, బాధ్యత దానిదే.

ఇవేవీ గాల్లోంచి పుట్టిన రూల్స్ కావు. గ్రూపు లోన్ల వసూళ్ల తీరు చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010లో ఆర్డినెన్సే తెచ్చింది. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకి తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్‌లో కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. మరుసటి నెలలోనే రిజర్వ్ బ్యాంకు వర్కింగ్ గ్రూపు వేసింది, 2022 సెప్టెంబరుకల్లా గైడ్‌లైన్స్ వచ్చాయి. యాప్ మీ కాంటాక్టులు, గ్యాలరీ, కాల్ లిస్టు ముట్టుకోకూడదని ఉంది అందులో. మీ లోన్ యాప్ కాంటాక్టులు అడుగుతోందంటే దాని వెనక అసలు లైసెన్సున్న కంపెనీ ఉందో లేదో ముందు చూడండి. అలాంటి కంపెనీ లేకుండా ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తుంటే అది రికవరీ కాదు, సైబర్ నేరం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఒకసారి కడితే ఆగుతారనుకోకండి, కట్టేవాడి పేరే లిస్టులో పైకి వస్తుంది.

అపోహ: రిఫరెన్స్‌గా నంబర్ ఇచ్చినవాళ్లు కూడా కట్టాలి

అక్కర్లేదు. షూరిటీ సంతకం పెట్టినవాళ్లు మాత్రం కట్టాలి, అప్పు తీసుకున్నవాడితో సమానంగా. మొహమాటానికి సంతకం పెట్టి మా ఆఫీసు మెట్లెక్కే బావమరుదులు చాలామంది. ఇక నాన్న పోయాక ఆయన అప్పు? ఆయన నుంచి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే. మీ జీతంలోంచి కాదు.

అపోహ: ఇంటికొచ్చి సామాను పట్టుకెళ్తారు

బాకీదారు ఇంటి తలుపులు పీక్కెళ్లారనే కథలు మన ఊళ్లలో ఇంకా చెప్పుకుంటారు కాబట్టి ఈ భయం లోతుగానే ఉంది. పర్సనల్ లోనుకి, క్రెడిట్ కార్డుకి ఏదీ తాకట్టు లేదు. కోర్టు డిక్రీ లేకుండా మీ ఇంట్లో చెంచా కూడా ముట్టుకోలేరు. డిక్రీ ఉన్నా కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పనివాడి పనిముట్లు జప్తు చేయకూడదు. తాకట్టు ఉన్న ఇంటి లోను సంగతి వేరే: 90 రోజులు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక, సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి బ్యాంకు తానే స్వాధీనానికి రావచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు.

అపోహ: సగానికి సెటిల్ చేస్తామన్నారు, వెంటనే కట్టేస్తే పీడ పోతుంది

నెలాఖరు 28, 29 తేదీల్లో ఈ ఆఫర్లు ఎక్కువ, టార్గెట్లు అప్పుడే మూసేది కాబట్టి. ఆఫర్ నిజమే కావచ్చు. అయినా బ్యాంకు లెటర్‌హెడ్ మీద మొత్తం, గడువు, ఆ తర్వాత బాకీ లేదన్న మాట రాసి ఉన్న లెటర్ చేతికి రాకుండా రూపాయి కూడా వేయకండి. వేసేది లోన్ అకౌంట్‌లోకే. "సార్, నా ఫోన్‌పేకి కొట్టండి, నేను సెట్ చేస్తా" అన్నవాడికి కొట్టి, బ్యాంకు రికార్డులో ఏమీ లేక మళ్లీ మొదటికొచ్చిన కేసులు నా బల్ల మీదే మూడున్నాయి.

సెటిల్ చేస్తే సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర ఉండేది అందులోనే) 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని పడదు. రేపు ఇంటి లోనుకి వెళ్తే ఆ ఒక్క మాట దగ్గర ఫైలు ఆగుతుంది. నిజంగా గతి లేనివాళ్లకి సెటిల్‌మెంట్ మంచి దారే. ఆరు నెలల్లో మొత్తం కట్టగలిగినవాళ్లు మాత్రం తొందరపడకండి.

అపోహ: మూడేళ్లు దాటితే అప్పు రద్దు

మామూలు అప్పుకి దావా వేసే గడువు మూడేళ్లు. అది దాటితే దావా నిలవదు, బాకీ మాత్రం పుస్తకాల్లో, సిబిల్‌లో ఉంటుంది. పైగా గడువు లోపల మీరు సంతకం పెట్టి బాకీ ఒప్పుకుంటే లెక్క మళ్లీ ఆ రోజు నుంచి మొదలు.

అపోహ: కోర్టు నోటీసులు కూడా ఉత్త బెదిరింపే

దొంగ వారెంట్లు చూసి చూసి జనం అసలు నోటీసుల్ని కూడా చెత్తబుట్టలో వేస్తున్నారు. లోక్ అదాలత్ నోటీసుకి టెన్షన్ పడక్కర్లేదు. అది ఇద్దరూ ఒప్పుకుంటేనే తేలే రాజీ. వెళ్తే మంచి రేటుకే తేలొచ్చు. ఆర్బిట్రేషన్ నోటీసు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందుకి రమ్మనే నోటీసు, అలా కాదు. మీరు రాకపోయినా అవార్డు (ఆ మధ్యవర్తి తీర్పు) ఇచ్చేస్తారు, అది కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. జీతం జప్తు ఉత్తర్వు హెచ్ఆర్ చేతికి వచ్చాక పరిగెత్తుకొచ్చేవాళ్లంతా మొదటి కవరు విప్పనివాళ్లే.

అపోహ: కంప్లైంట్ ఇస్తే ఇంకా పగబడతారు

ఏజెన్సీలో అందరూ భయపడే మాట ఒకటుంది: ఎస్కలేషన్, అంటే కంప్లైంట్ పైకి వెళ్లడం. బ్యాంకు నుంచి ఆ మెయిల్ వస్తే రికార్డింగ్ తీయాలి, సంజాయిషీ రాయాలి, కాంట్రాక్టుకే ముప్పు. కంప్లైంట్ తేలేదాకా ఆ కేసుని ఏజెన్సీకి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు మాట కూడా ఉంది, ఊరికే పదేపదే కంప్లైంట్లు పెట్టేవాళ్ల విషయంలో తప్ప. తేదీ, టైము, నంబరు, అతను అన్న మాట యథాతథంగా రాసి బ్యాంకు గ్రీవెన్స్ అధికారికి మెయిల్ చేయండి. రికార్డింగ్ ఉంటే ఒరిజినల్ ఫైలు ఫోన్‌లోనే ఉంచండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే అధికారి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448. కంప్లైంట్ వల్ల బాకీ మాఫీ కాదు, ఫోన్‌లో మర్యాద వస్తుంది.

నేను టీమ్ లీడర్‌గా ఉన్నప్పుడు ఖమ్మం వైపు నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ ఉండేది మా లిస్టులో. ఎవరు చేసినా ఆవిడ నోటి నుంచి అవే మాటలు: "మీ పేరు చెప్పు బాబూ, రాసుకుంటున్నా. కట్టలేదు, నిజమే. నెలకి రెండు వేలు కడతానని బ్యాంకుకి ఉత్తరం రాశా, రసీదు ఉంది. ఇంకేమైనా ఉంటే మీరూ ఉత్తరమే రాయండి." కోప్పడేది కాదు, ఏడ్చేది కాదు. రెండో వారానికి ఆవిడ పేరు ఎదురుగా రిమార్కుల్లో మా కుర్రాడెవరో ఇలా కొట్టాడు: 'కస్టమర్ రికార్డింగ్. లెటర్ ఓన్లీ. గారు అనండి.'