టాక్సాల్ వేస్తే మైక్రోట్యూబ్యూల్ గట్టిపడుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: టాక్సాల్ అనే క్యాన్సర్ మందు మైక్రోట్యూబ్యూల్‌ను (కణంలోని సన్నని ప్రోటీన్ గొట్టాన్ని) నిలబెడుతుంది, కాబట్టి దాన్ని బిరుసుగా కూడా చేస్తుంది.

వాస్తవం: ఊడకపోవడం వేరు, వంగకపోవడం వేరు. గుంజలకు తాళ్లు బిగిస్తే పందిరి కూలదు, గాలికి మాత్రం ఊగుతుంది. టాక్సాల్ గొట్టం లోపలివైపు బీటా ట్యూబ్యులిన్‌ను (గొట్టం కట్టే ప్రోటీన్‌లో ఒక భాగం) పట్టుకుని, గొట్టం గోడలోని పక్కపక్క పోగులు విడిపోకుండా చూస్తుంది. 1996లో ఫెల్గ్‌నర్ బృందం ఆప్టికల్ ట్వీజర్లతో (కాంతిపుంజంతో పట్టుకునే పరికరం) కొలిస్తే టాక్సాల్ వేసినవే సులువుగా వంగాయి. 1995లో మిక్కీ, హోవర్డ్ కొలతల్లో ఆ మెత్తదనం కనిపించలేదు. కానీ జీటీపీ అనే న్యూక్లియోటైడ్‌కు (గొట్టాలు కట్టడానికి కావలసిన చిన్న అణువు) బదులు వాడే జీఎంపీసీపీపీతో పెంచిన గొట్టాలు టాక్సాల్ గొట్టాలకంటే దాదాపు రెట్టింపు బిరుసుగా తేలాయి. పోగుల సంఖ్య ఒక్కటే దీనికి కారణం కాదు. 13 పోగులు 14 అయితే లెక్క ప్రకారం బిరుసు పెరిగేది పాతిక శాతమే. ఏ న్యూక్లియోటైడ్, ఏ మందు, ఏ పద్ధతి అన్నది రాయని బిరుసు అంకెను నమ్మొద్దు.

అపోహ: టాక్సాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: నీటిలో అది కరిగేదే తక్కువ. మోతాదు మించితే సూదుల్లాంటి స్ఫటికాలు కడుతుంది. రంగు వేసిన ట్యూబ్యులిన్ వాటికీ అంటుకుంటుంది, మైక్రోస్కోపులో అచ్చం మైక్రోట్యూబ్యూల్స్‌లాగే మెరుస్తాయి! 20 మైక్రోమోలార్ ట్యూబ్యులిన్‌ను 1 మిల్లీమోలార్ జీటీపీతో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, 10 మైక్రోమోలార్ టాక్సాల్ కలిపిన వెచ్చని బఫర్‌లోకి పలుచన చేస్తే చాలు. పిపెట్ టిప్ కొన కత్తిరించండి, సన్నని కొనలోంచి లాగితే గొట్టాలు తెగుతాయి. ట్యూబ్యులిన్ లేకుండా టాక్సాల్ బఫర్ ఒక్కటే స్లైడు మీద చూడటం మర్చిపోవద్దు. టాక్సాల్‌ను కరిగించే డీఎంఎస్ఓ ద్రావకం కూడా గొట్టాలు కట్టడానికి తోడ్పడుతుంది, అందుకే అది ఒక్కటే వేసిన పోలిక నమూనా (కంట్రోల్) కూడా ఉండాలి.

అపోహ: మన పొలాల గట్ల మీది బిళ్ళగన్నేరు మందు కూడా టాక్సాల్ లాంటిదే.

వాస్తవం: బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌బ్లాస్టిన్ పని టాక్సాల్‌కు తలకిందులు, గొట్టాలను కట్టనివ్వదు. కణవిభజన మాత్రం రెండింటితోనూ ఆగుతుంది.

అపోహ: ప్రోటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అని ఉంటే ఏసీ లేని మన గదైనా సరే.

వాస్తవం: ప్రోటోకాల్ రాసినవారి గది 22-25 డిగ్రీలు. మేలో అనంతపురంలో ఫ్యాన్ కింది బల్ల 38 దాటుతుంది. వంచి వదిలిన గొట్టం తిరిగి నిటారయ్యే వేగంతో బిరుసు లెక్కించేటప్పుడు నీటి స్నిగ్ధత (చిక్కదనం) కావాలి. అది 25 డిగ్రీల దగ్గర 0.89 మిల్లీపాస్కల్ సెకన్లు, 38 దగ్గర సుమారు 0.68. పాత అంకె వేస్తే బిరుసు 30 శాతం ఎక్కువ వస్తుంది, తప్పు టాక్సాల్ మీదికి పోతుంది. స్లైడు అంచులకు మైనం పూయండి, లేకపోతే లోపలి ద్రవం పది నిమిషాల్లో ఆరిపోతుంది. థర్మామీటర్‌ను గోడకు కాదు, స్లైడు పక్కనే పెట్టండి.