నడిమి ఇంటి ఆదాయం లెక్క

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు ఆశీస్సులు.

మన ఊరి కుటుంబాల ఆదాయం పదేళ్లలో ఎంత మారిందో లెక్క తీయమని బడిలో చెప్పారని, అందరి ఆదాయం కూడి ఇళ్ల సంఖ్యతో భాగిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. తొమ్మిది ఇళ్ల వాడకట్టును ఊహించుకోండి. ఎనిమిది ఇళ్ల ఏడాది ఆదాయం వరుసగా 70, 80, 90, 100, 120, 140, 180, 250 వేల రూపాయలు. తొమ్మిదో ఇల్లు రైస్ మిల్లు యజమానిది, 40 లక్షలు. సగటు దాదాపు 5,59,000 వస్తుంది గాని, అందులో సగం ఆదాయమైనా ఆ ఎనిమిది ఇళ్లలో ఒక్కరికీ లేదు. వరుసలో సరిగ్గా నడుమనున్న ఐదో ఇంటి 1,20,000 రూపాయలే మీ పాఠంలోని మధ్యగతం. మిల్లు యజమాని తన ఆదాయాన్ని సగానికి సగం దాచి చెప్పినా అది కదలదు.

అసలు కష్టం ఆదాయం అడగడంలో ఉంది. జనగణనలో ఆదాయం ప్రశ్నే లేదు. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కుల గణన కూడా గ్రామాల్లో, ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంపాదించేవారి నెల రాబడి 5,000 లోపా, 10,000 లోపా, ఆపైనా అని మాత్రమే అడిగింది. దాన్నిబట్టి ఇంటి మొత్తం ఆదాయం తేలదు. అందుచేత మీరే ఇల్లిల్లూ తిరగాలి. పత్తి అమ్మిన సొమ్మంతా ఆదాయం కాదు. విత్తనాలు, ఎరువులు, ట్రాక్టరు కిరాయి, కూలీల ఖర్చు, కౌలు తీసివేయాలి. తిండికి ఉంచుకున్న వడ్లను మాత్రం అప్పటి ధర కట్టి కలపాలి. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లును చాలామంది ఆదాయమనుకోరు కాబట్టి విడిగా అడగండి. కూలీలను గుంపుగా వలస పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర తెచ్చుకున్న అడ్వాన్సు చేతికి అందిన డబ్బే అయినా అప్పు. చేసిన పనికి కట్టే కూలియే ఆదాయం.

ఇన్ని అడిగినా కొందరు కచ్చితమైన అంకె చెప్పరు. అప్పుడు తరగతులుగా రాసుకోండి. 60 ఇళ్లలో 50 వేల లోపు 10, అక్కడి నుంచి లక్ష దాకా 16, లక్షన్నర దాకా 20, ఆపైన 14 ఉన్నాయనుకుందాం. సగం అంటే 30. మొదటి రెండు తరగతుల్లో 26 పోగా మూడో దాంట్లో ఇంకా 4 ఇళ్లు కావాలి. 20 ఇళ్లకు 50 వేల వెడల్పయితే 4 ఇళ్లకు 10 వేలు, కనుక మధ్యగతం సుమారు 1,10,000.

కొన్ని ఇళ్లనే ఎంచుకుంటే మరో జాగ్రత్త అవసరం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ 1975లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు గ్రామాల్లో అధ్యయనం మొదలుపెట్టినప్పుడు ఊరికి 40 కుటుంబాలను తీసుకుంది: కూలీలు 10, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి. ప్రతి వర్గం గురించీ తెలుసుకోవడానికి అది మంచి పద్ధతి, కానీ ఊళ్లో ఆ నాలుగు వర్గాలూ సమానంగా ఉండవు. కూలీ ఇళ్లు ఊళ్లో సగముంటే మీ లెక్కలోనూ వాటికి సగం బరువు ఇవ్వాలి. లేదంటే పెద్ద రైతులు మధ్యగతాన్ని పైకి లాగేస్తారు.

ఇక పదేళ్ల పోలిక. పాత మధ్యగతం 1,10,000, ధరలు ఎంత పెరిగాయో చూపే ధరల సూచీ అప్పుడు 100, ఇప్పుడు 160 అనుకుంటే, నాటి ఆదాయం నేటి ధరల్లో 1,76,000. కాబట్టి నేడు 1,65,000 వచ్చినా నడిమి ఇల్లు వెనుకబడినట్టే. పల్లెలకు లేబర్ బ్యూరో ప్రకటించే వ్యవసాయ కూలీల ధరల సూచీ తగినది. అన్నదమ్ములు వేరుపడితే రెండు లక్షల ఇల్లొకటి లక్ష చొప్పున రెండిళ్లవుతుంది. ఎవరి తిండీ తగ్గకుండానే మధ్యగతం తగ్గవచ్చు. అందుకని తలసరి లెక్క కూడా పక్కన రాయండి.

జిల్లా అంకెలతో పోల్చాలనిపిస్తే 2016 అక్టోబరు 11 గుర్తుంచుకోండి. ఆ రోజున నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019లో నారాయణపేట వేరయింది. పాత జిల్లాను మళ్లీ కూర్చాలంటే కొత్త జిల్లాల మధ్యగతాలకు సగటు కట్టడం తప్పు. తరగతులవారీ ఇళ్ల సంఖ్యలను కలిపి, మధ్యగతాన్ని మొదటి నుంచి తీయాలి.

తాళం వేసిన ఇళ్లను వదిలేయకండి. మన పాలమూరులో అవి ఎక్కువగా వలసపోయిన కూలీలవి. వాటిని వదిలేస్తే ఊరు ఉన్నదానికన్నా కలిగినదిగా కనబడుతుంది. మృగశిర కార్తెకు విత్తనాలు వేయడానికి చాలామంది తిరిగి వస్తారు కాబట్టి, ఆ ఇళ్ల జాబితాను విడిగా ఉంచుకొని అప్పుడు మరోసారి వెళ్లండి.

మీ తాతయ్య