పాతికేళ్ల హాట్ సీటు: క్విజ్ మీద మా డెల్టాలో వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

2000వ సంవత్సరం జూలైలో టీవీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ (కేబీసీ) క్విజ్ మొదలైనప్పుడు అమలాపురంలో మా వీధి మొత్తానికి హిందీ తెలిసినవాడు ఒక్కడే. ఉత్తరాదిలో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. అమితాబ్ బచ్చన్ ప్రశ్న అడగగానే పదిహేను మందిమి ఆయన ముఖం వైపు తిరిగేవాళ్లం. ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెలుగు చేసి చెప్పేలోపు అక్కడ జవాబు లాక్ అయిపోయేది. అయినా ఒక్క రాత్రి కూడా మానలేదు. కోటి రూపాయలనే మాట అంత దగ్గరగా వినడం మాకు అదే మొదటిసారి.

ఆ షోకు 2025తో పాతికేళ్లు నిండాయి. ఆగస్టు 11న పదిహేడో సీజన్ మొదలైంది. మధ్యలో 2007లో ఒక్క సీజన్ షారుఖ్ ఖాన్ చేశారు, 2010లో కార్యక్రమం స్టార్ ప్లస్ నుంచి సోనీకి మారింది, 2021లో వెయ్యో ఎపిసోడ్ వచ్చింది. నేను మాత్రం ఇరవై రెండేళ్లుగా కాకినాడ నుంచి నరసాపురం వరకు బడుల్లో, కాలేజీల్లో క్విజ్‌లు నడుపుతూ, ప్రశ్నలు రాసుకుంటూ ఉన్నాను. ఈ పాతికేళ్ల పండగ మొదలైనప్పటి నుంచి టీ కొట్టు దగ్గర, యానాం బస్సులో, చివరికి పెళ్లి భోజనాల బంతిలో కూడా నన్ను అవే ప్రశ్నలు అడుగుతున్నారు. నోటితో చెప్పి అలసిపోయాను, ఇక రాసేస్తున్నాను.

అపోహ: “అంతా ముందే చెప్పేస్తారు మాస్టారూ, నాటకం!”

ఈ అనుమానానికి ఒక చరిత్ర ఉంది. 1950లలో అమెరికాలో ‘ట్వెంటీ వన్’ అనే టీవీ క్విజ్‌లో పోటీదారులకు నిజంగానే జవాబులు ముందే ఇచ్చారు. ఆ సంగతి బయటపడి 1959లో అక్కడి కాంగ్రెస్ విచారణ జరిపింది, మరుసటి ఏడాది అలాంటి మోసాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. మన కేబీసీకి మూలమైన బ్రిటన్ షో 1998లో మొదలైంది. అక్కడ 2001లో మోసం చేసింది పోటీదారుడి వైపు వాళ్లు. చార్ల్స్ ఇంగ్రామ్ అనే సైన్యాధికారి ఆప్షన్లు ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే, సరైనది వచ్చినప్పుడు హాల్లోంచి దగ్గు వినిపించేది. పది లక్షల పౌండ్ల చెక్కు ఆగిపోయింది, 2003లో కోర్టు శిక్ష వేసింది.

టీవీ వాళ్ల సంగతి అలా ఉంచండి. మా స్థాయిలో అన్యాయం జరిగేది జవాబులు బయటికి పొక్కడం వల్ల కాదు, కుర్చీల వరుస వల్ల. ఆరు జట్లు వరుసగా కూర్చుంటాయి. పాత పద్ధతిలో ఒకటో జట్టుకు వేసిన ప్రశ్న వాళ్లకు రాకపోతే రెండో జట్టుకు పాస్ అవుతుంది. రెండో ప్రశ్న ఎలాగూ రెండో జట్టుదే. అంటే బలహీనమైన జట్టు పక్కన కుర్చీ దొరికినవాళ్లకు ప్రతి రౌండులోనూ రెండు ప్రశ్నలు దొరికినట్టే. ఇరవై ఏళ్ల క్రితం నేను నడిపిన ఒక జిల్లా పోటీలో కప్పు అలాగే చేతులు మారిందని ఇప్పటికీ నా నమ్మకం. పిల్లలకు అది తెలియదు, నాకు ఆ రాత్రి స్కోరు కాగితం చూస్తున్నప్పుడు తెలిసింది.

దీనికి మందు ‘ఇన్ఫినిట్ బౌన్స్’. ఏ జట్టు జవాబు చెప్పిందో దాని పక్క జట్టు నుంచి తర్వాతి ప్రశ్న మొదలవుతుంది. సగం ప్రశ్నలు ఎడమ నుంచి కుడికి, మిగతా సగం కుడి నుంచి ఎడమకు. దాని మీద ‘పౌన్స్’ కూడా పెడతాం. తన వంతు కాకపోయినా జవాబు తెలుసనుకున్న జట్టు చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. తప్పయితే మార్కులు పోతాయి. ఈ రెండూ వచ్చాక తల్లిదండ్రుల ఫిర్యాదులు సగానికి తగ్గాయి. మిగతా సగం ఏ పద్ధతి పెట్టినా తగ్గవు.

అపోహ: “జీకే పుస్తకం బట్టీ పట్టినవాడిదే గెలుపు.”

ఇది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే తప్పు పిల్లలది కాదు, ప్రశ్న రాసేవాళ్లది. “ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది?” అని అడిగితే 1852 అని బట్టీ పట్టినవాడే చెబుతాడు. ఆ ప్రశ్నలో ఆలోచించడానికి ఏమీ లేదు. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు.

ఒకసారి అదే బ్యారేజీ మీద ఇలా అడిగాను: “11.75, 13.75, 17.75. గోదావరి జిల్లాల వాళ్లు వర్షాకాలంలో భయంగా వినే ఈ మూడు అంకెలు ఏమిటి?” పట్టణం నుంచి వచ్చిన జట్టు, చేతిలో మూడు జీకే పుస్తకాలు తెచ్చుకున్న జట్టు, దశాంశాలు చూసి వడ్డీ రేట్లు అంది. లంక గ్రామం నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి బజర్ కూడా నొక్కకుండా లేచి నిలబడింది. “ధవళేశ్వరంలో ప్రమాద హెచ్చరికలండీ, అడుగుల్లో. మొదటిది ఇచ్చారంటే మా నాన్న గేదెల్ని ఏటిగట్టు మీదకు తోలేస్తారు.” బజర్ నొక్కలేదని పక్క జట్టు అభ్యంతరం చెప్పింది. నియమం ప్రకారం వాళ్లదే న్యాయం. నేను మార్కులు ఇచ్చేశాను, ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

మంచి ప్రశ్నలో జవాబుకు దారి ఉంటుంది. ఇంకొకటి చూడండి: “కాకినాడ నుంచి గంట ప్రయాణం, అందరూ తెలుగే మాట్లాడతారు, చుట్టూ ఆంధ్రప్రదేశ్. కానీ ఆ ఊరి ఎమ్మెల్యే అమరావతికి వెళ్లడు, వందల కిలోమీటర్లు దాటి ఇంకో శాసనసభలో కూర్చుంటాడు. ఏ ఊరు?” యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేదనీ ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమనీ పుస్తకంలో చదివినవాడు చెప్పగలడు. యానాం వెళ్లినప్పుడు దుకాణాల బోర్డుల మీద పుదుచ్చేరి అనే మాట గమనించినవాడూ చెప్పగలడు. ఈ రెండోవాడి కోసమే నేను ప్రశ్నలు రాస్తాను.

అపోహ: “పెద్ద చదువులు ఉంటేనే హాట్ సీటు.”

2000లో మొదటి కోటి గెలిచిన హర్షవర్ధన్ నవాతే సివిల్స్‌కు చదువుతున్న కుర్రాడు కాబట్టి ఈ మాట పుట్టి ఉంటుంది. 2011లో ఐదు కోట్లు గెలిచిన బిహార్ వాసి సుశీల్ కుమార్ ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటర్. మన తెలుగులో 2014లో నాగార్జునతో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలైంది, 2017లో చిరంజీవి చేశారు, 2021లో ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’గా నడిపారు. ఆ చివరి దానిలో కోటి గెలిచింది ఒక ఎస్సై. ఇంతకంటే చెప్పడానికి లేదు.

అపోహ: “కోటి అంటే కోటి.”

కాదు. ఇలాంటి గెలుపు మీద నేరుగా 30 శాతం పన్ను. మినహాయింపులు, తగ్గింపులు ఏవీ వర్తించవు. మొత్తం యాభై లక్షలు దాటింది కాబట్టి సర్‌చార్జి, దాని మీద సెస్సు. కోటిలో చేతికి మిగిలేది సుమారు 65 లక్షలు. పెళ్లి బంతిలో ఇది చెప్పినప్పుడు నా పక్కాయన పూతరేకు తినడం ఆపేశాడు.

అపోహ: “ప్రేక్షకులకేం తెలుసు? తెలివైన స్నేహితుడికి ఫోన్ చేయాలి.”

జవాబు తెలియనప్పుడు పోటీదారు హాల్లోని ప్రేక్షకులను ఓటు అడగవచ్చు, లేదా స్నేహితుడికి ఫోన్ చేయవచ్చు. కేబీసీ లాంటి అమెరికా షోలో మొదటి ఏళ్ల లెక్క చూస్తే ప్రేక్షకుల ఓటు 91 శాతం సార్లు సరైంది, ఫోన్ స్నేహితుడు 65 శాతం దగ్గర ఆగాడు. అయితే దీన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ప్రేక్షకులను సాధారణంగా మొదటి సులువు ప్రశ్నల దగ్గర అడుగుతారు, స్నేహితుడికి కష్టం వచ్చాకే ఫోన్ చేస్తారు. అందుకే ఆ తేడా కొంత అన్యాయమైనది. అసలు కిటుకు వేరు. హాల్లో వంద మందిలో ఇరవై మందికి జవాబు తెలుసు, మిగతా ఎనభై మంది గుడ్డిగా నొక్కారనుకుందాం. ఆ ఎనభై ఓట్లు నాలుగు ఆప్షన్లకు ఇరవై చొప్పున చెదిరిపోతాయి. సరైన దానికి మొత్తం నలభై పడతాయి, గెలుస్తుంది. తెలియనివాళ్లు చెదిరితేనే ఈ లెక్క పనిచేస్తుంది, అందరూ ఒకే తప్పు నమ్మితే కాదు. ఇదే ఆట ఫ్రాన్స్ షోలో భూమి చుట్టూ తిరిగేది ఏది అని అడిగితే ప్రేక్షకుల్లో సగానికి పైగా సూర్యుడని ఓటు వేశారు. పాపం ఆ పోటీదారు కూడా వాళ్లనే నమ్మాడు.

అపోహ: “ధైర్యం ఉన్నవాడు ఆడతాడు, పిరికివాడు మానేస్తాడు.”

మొదటి సీజన్ లెక్క తీసుకుందాం. యాభై లక్షల దగ్గర ఉన్నారు, ముందున్నది కోటి ప్రశ్న. సరైతే ఇంకో యాభై లక్షలు. తప్పయితే 3,20,000కు పడిపోతారు, అంటే 46,80,000 పోతాయి. కాగితం మీద చూస్తే మీ నమ్మకం సగానికి కాస్త తక్కువగా ఉన్నా ఆడటమే లాభం. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక పావు వంతు అవకాశంతో ఆడటం మాత్రం శుద్ధ తెలివితక్కువ. కానీ కాగితం ఒక సంగతి మరచిపోతుంది. ఈ ఆట జీవితంలో ఒక్కసారే. పిల్ల పెళ్లి అప్పు, రెండెకరాల కొబ్బరి తోట మీద తాకట్టు ఉన్నవాడికి చేతిలోని యాభై లక్షలు, రాబోయే యాభై లక్షలు ఒకటే బరువు కావు. నేనైతే లేచి వచ్చేస్తాను. మా ఆవిడ మాత్రం నేను తప్పకుండా ఆడి పోగొట్టుకుని వస్తానంటుంది.

అపోహ: “క్విజ్ మాస్టర్‌కు అన్నీ తెలుసు.”

క్విజ్ మాస్టర్ చేతిలో జవాబుల కాగితం ఉంటుంది, అంతే. ఆ కాగితం కూడా పాతబడుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ నెలలోనే ఒక బడిలో పాత కార్డు చదివి, సరైన జవాబు చెప్పిన కోనసీమ పిల్లాడిని “తప్పు” అన్నాను. వాడు తన కొత్త జిల్లా పేరు చెప్పి కూర్చున్నాడు.

అంతకంటే పెద్ద దెబ్బ భీమవరంలో తగిలింది. అల్లూరి సీతారామరాజు జన్మస్థలం ఏది అని అడిగాను. నా కాగితం మీద పాండ్రంగి అని ఉంది. తల్లి పుట్టింటివారి ఊరు, విశాఖ వైపు, ఎక్కువ మంది రాసిందీ అదే. ఒక జట్టు పాండ్రంగి అంది, ఇంకో జట్టు మోగల్లు అంది. మోగల్లు తండ్రి వైపు ఊరు, భీమవరానికి దగ్గర. నేను “పాండ్రంగి సరైనది” అనగానే వెనక వరుసలో ఒక పెద్దాయన కండువా భుజాన వేసుకుని లేచారు. “బాబూ, మీరు కూర్చున్నది ఏ ఊళ్లోనో చూసుకుని చెప్పండి.” హాలంతా చప్పట్లు. పుట్టిన సంవత్సరం దగ్గర కూడా 1897, 1898 అని రెండు మాటలున్నాయని అప్పుడే గుర్తొచ్చింది, అది మాత్రం నోరు జారలేదు.

రెండు జట్లకూ మార్కులు ఇచ్చి, మధ్యాహ్నం ఆ పెద్దాయన పక్కనే కూర్చుని భోంచేశాను. ఆయన మోగల్లు గురించి గంటసేపు చెప్పారు. ఆ కార్డు చింపలేదు, జన్మస్థలం కొట్టేసి వెనక వైపు కొత్త ప్రశ్న రాశాను.