వాన లేని ఊళ్ళో రైలెందుకు ఆగింది?

చిరంజీవులు హాసినికి, చరణ్‌కి తాతయ్య ఆశీస్సులు.

మీరు కార్తీక వనభోజనాలకి వస్తారని మామ్మ పులిహోరకి చింతపండు కూడా ముందే తీసి పెట్టుకుంది. అంతలో మీ రైలు రద్దయిందని మెసేజ్ వచ్చింది. ఆ రోజు ఫోన్లో హాసిని అడిగిన మాట నాకింకా చెవిలోనే ఉంది. "తాతయ్యా, తుఫాను ఇంకా సముద్రంలోనే ఉందట. బెంగళూరులో చుక్క వాన లేదు. మరి మా రైలెందుకు ఆపేశారు?" వెనకాల చరణ్ ఏడుపు. నేనేమో "గాలి గట్టిగా వీస్తుందమ్మా" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత కరెంటు పోయింది, ఫోను చచ్చిపోయింది. ఇప్పుడు తీరిగ్గా కూచుని రాస్తున్నాను.

ముందు ఇక్కడి కబురు. మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ పేరు థాయిలాండ్ వాళ్ళు పెట్టారట, సువాసన ఉన్న పువ్వని అర్థమట. ఆ పువ్వు మన పెరట్లో అరటిచెట్లన్నిటినీ పడుకోబెట్టి పోయింది. ఉసిరిచెట్టు మాత్రం నిలబడింది. మేమంతా క్షేమం.

ఇప్పుడు నీ ప్రశ్న. మీ బాబాయి పెళ్ళి గుర్తుందా హాసినీ? చరణ్ అప్పటికి చంకలో పిల్లాడు. పందిట్లో బంతి భోజనాలు పెట్టాం. మొదటి బంతి లేచింది, ఆకులు తీశారు, రెండో బంతికి జనం వచ్చి నిలబడ్డారు. ఆకాశంలో ఓ మూల మబ్బు కమ్మింది. వంట మేస్త్రి ఒకసారి తలెత్తి చూసి, "ఆకులెయ్యకండి" అన్నాడు. అప్పటికి చినుకు కూడా పడలేదు. మా బావమరిది ఎగిరిపడ్డాడు, "వానేదయ్యా, కడుపు కాలిపోతోంది" అని. మేస్త్రి కదల్లేదు. "నిలబడ్డవాళ్ళని కాసేపు ఆగమనొచ్చు బాబూ. విస్తరి ముందు కూచుని సగం తిన్నవాళ్ళని లెమ్మనలేం" అన్నాడు. పావుగంటకి పందిరి ఎగిరిపోయింది.

రైలు రద్దు చెయ్యడమంటే ఆకులెయ్యకపోవడమే. మీ రైలు అక్కడ ఎండలో బయల్దేరితే ఇక్కడికి చేరేది మర్నాడు. ఎక్కేటప్పటి ఆకాశం వేరు, దిగేటప్పటి ఆకాశం వేరు. అందుకే రైల్వేవాళ్ళు మీ ఊరి ఆకాశం చూడరు. రేపు ఆ రైలు ఎక్కడుంటుందో అక్కడి ఆకాశం చూస్తారు. ఎన్ని గంటలకి ఏ తీరానికి తుఫాను రావచ్చో వాతావరణ శాఖ ముందే చెప్తుంది. ఆ వేళకి ఆ దారిలో ఉండబోయే రైళ్ళు ఏవో లెక్క వేసుకుని, వాటికి ఆకులెయ్యరు.

ఎందుకంత భయం అంటావా? ఒక్క స్లీపరు పెట్టెలోనే 72 మందో 80 మందో పడుకుంటారు. రైలంతా కలిపితే వెయ్యిమంది పైచిలుకు. ఇప్పటి రైళ్ళు కరెంటు మీద నడుస్తాయి కదా, పైన తీగలో 25,000 వోల్టులుంటుంది. ఒక్క కొబ్బరిచెట్టు ఆ తీగ మీద పడితే చాలు, ఇంజను ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. అది స్టేషనైతే ఫరవాలేదు, కనీసం టీ దొరుకుతుంది. రెండు ఊళ్ళ మధ్య, చేలల్లో, అర్ధరాత్రి ఆగితే? ఆ వెయ్యిమందికి పాలెవరు పోస్తారు, మందెవరు తెస్తారు? పెట్టెలో నీళ్ళ ట్యాంకు ఎంతసేపొస్తుంది? ఎక్కకముందు రద్దు చేస్తే టికెట్టు డబ్బులు మొత్తం వెనక్కిస్తారు, తిట్టుకుంటూ ఇంటికి పోతాం. నాకైతే ఆ తిట్లే నయమనిపిస్తుంది.

సరే, తుఫాను వెళ్ళిపోయి ఎండ వచ్చాక కూడా ఎక్కడో వాన ముఖమే చూడని ఊరి రైలు రద్దయిందని పేపర్లో రాస్తారు. అదేమిటి? మళ్ళీ బంతిలోకే రండి. సాంబారు బకెట్టు ఒక్కటే ఉంటుంది. ఈ వరస చివరిదాకా వెళ్ళి, తిరిగి నిండి, పక్క వరసకి వస్తుంది. ఆ చివర ఎవరో బకెట్టు పట్టుకుని కబుర్లలో పడితే, ఈ వరసలో మనం అన్నం కలుపుకోకుండా కూచోవాలి. సాంబారు లేక కాదు, బకెట్టు రాక. మీ ఊరినుంచి వచ్చిన పెట్టెల వరసే ఇక్కడ కడిగించుకుని, దుప్పట్లు మార్పించుకుని, సాయంత్రం తిరుగు రైలై వెళ్తుంది. ఒక్కోసారి వేరే పేరుతో వేరే ఊరికీ పోతుంది. ఆ పెట్టెల వరసని వాళ్ళ భాషలో రేక్ అంటారు. "రేకు రాలేదు" అని స్టేషన్లో ఎవరైనా అంటే, గాలికి ఎగిరిపోయిన ఇంటిమీది రేకనుకునేరు!

డ్రైవరూ అంతే. ఆయనా మనిషే, ఇన్ని గంటలు నడిపాక నిద్రపోవాలి. ఆయన ఒక ఊళ్ళో చిక్కుకుంటే ఆయన నడపాల్సిన రేపటి రైలు ఇంకో ఊళ్ళో ఎదురు చూస్తుంది.

సిగ్నళ్ళ సంగతి చెప్తే చరణ్ నవ్వుతాడు. చాలాచోట్ల పట్టాల్లో చాలా కొద్దిగా కరెంటు పారుతూ ఉంటుంది. రైలు వచ్చిందంటే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, దాంతో ఇక్కడ రైలుంది కాబోలని సిగ్నలు ఎర్రబడుతుంది. పట్టాలు నీళ్ళలో మునిగినా అదే జరుగుతుంది. పాపం సిగ్నలు, నీళ్ళని చూసి రైలనుకుంటుంది! అనుకోనీ. తెలియనప్పుడు ఎర్రదీపం చూపించడమే దానికి నేర్పిన బుద్ధి.

ఇంకో తమాషా చూడండి. తుఫాను దాటింది మా వైపు. మర్నాడు స్టేషను మునిగింది తెలంగాణలోని డోర్నకల్‌లో. సముద్రానికి అంత దూరాన పట్టాలు నీళ్ళకింద, రైలు గంటల తరబడి నిలబడిపోయింది. తీరం దాటాక తుఫానుకి గాలి తగ్గుతుంది గానీ నెత్తిన మోసుకొచ్చిన నీళ్ళెక్కడికి పోతాయి? దారిలో ఎక్కడో దించుకోవాల్సిందే. రైలుకి గాలికన్నా ఆ నీళ్ళే ఎక్కువ చేటు చేస్తాయి.

ఎలాగంటే, పట్టాల కింద కంకర ఉంటుంది చూశారా, అది బంతిలో... అని మొదలుపెట్టి, అన్నం మెతుకులకీ కంకరకీ ముడి వెయ్యబోయి ఇక్కడ అరగంట ఆగిపోయాను. మామ్మ చదివి, "పెళ్ళి భోజనంలో రాళ్ళున్నాయని రాస్తారా?" అని నవ్వింది. కాబట్టి బంతిని ఇక్కడితో లేపేద్దాం.

కంకర ముక్కలు గుండ్రంగా ఉండవు. కోణాలుగా, ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని ఉంటాయి. అవి స్లీపర్లని, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల్ని, పట్టుకుంటాయి, స్లీపర్లు పట్టాల్ని పట్టుకుంటాయి. వాన నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయి. కానీ చెరువు తెగి వరద అడ్డంగా వచ్చి కొడితే కంకరా, కింది మట్టికట్టా మొత్తం జారిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర అదే జరిగింది. కింద నేల లేదు, పట్టాలు మాత్రం స్లీపర్లతో సహా బట్టలారేసే దండెంలా గాలిలో వేలాడాయి. ఆ ఫొటో దొరికితే చూడండి. ఇనుము విరగలేదు. దూరంనుంచి ఇంజనులో కూచున్నవాడికి పట్టాలు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. అదే అసలు ప్రమాదం. రైళ్ళని ముందే ఆపేశారు కాబట్టి సరిపోయింది. వందలమంది వానలోనే మట్టీ రాళ్ళూ పోసి, నాలుగు రోజులకి మళ్ళీ నెమ్మదిగా రైళ్ళు నడిపించారు.

ఇంజనులోంచి కనపడని సంగతి ఎవరికి కనపడుతుందంటే, నడిచేవాడికి. ఇది నాకు మా నాన్న దగ్గర తెలిసింది.

మీకు తెలుసుగా, మా నాన్న రైల్వేలో కీమాన్. గొల్లప్రోలు వైపు లైను పక్కన గ్యాంగు క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఒకటే గది, వంటిల్లు, ముందు వేపచెట్టు. రోజూ పొద్దున్నే భుజాన సుత్తీ స్పానరూ, చేతిలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని తన బీటు, అంటే తనకి అప్పగించిన పట్టాల దూరం, మొత్తం నడిచేవాడు. కీ అంటే పట్టాని స్లీపరుకి బిగించి ఉంచే ఇనుప ముక్క. వదులైన కీ కనపడితే సుత్తితో ఒక్క దెబ్బ. ఆ చప్పుడు వినే కీ గట్టిపడిందో లేదో చెప్పేసేవాడు. కుండ కొనేటప్పుడు మామ్మ మొట్టి చూస్తుందే, అలాగన్నమాట.

1969 నవంబరులో కాకినాడ మీదికి తుఫాను వచ్చింది. నాకప్పుడు పదేళ్ళు. వేపచెట్టు కూలి వాకిలి కడ్డంగా పడింది. గాలి కాస్త తగ్గిందో లేదో నాన్న గోనెపట్టా తలకి వేసుకుని, ఎర్రా పచ్చా అద్దాలున్న లాంతరు తీసుకుని బయల్దేరాడు. నడుముకి డబ్బాలో డిటొనేటర్లు. వాటిని పట్టాకి బిగిస్తే, ఇంజను చక్రం ఎక్కగానే ఢామ్మని పేలి డ్రైవరుని ఆపుతాయి. మేం రైలు టపాకాయలనేవాళ్ళం. అమ్మ వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. లాంతరు కనపడినంతసేపు గుమ్మంలో నిలబడింది.

ఆ రాత్రి గస్తీకి ఒక పద్ధతుంది. మన బీటు చివరికి వెళ్ళేసరికి అవతలి బీటు మనిషి ఎదురు రావాలి. ఇద్దరూ గస్తీ పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరగాలి. అవతలివాడు రాకపోతే, వచ్చేదాకా ఆగడం కాదు. అతన్ని వెతుక్కుంటూ ముందుకే నడవాలి. ఆ రాత్రి నాన్నకి అవతలివాడు ఎదురు రాలేదు.

తెల్లారాక అమ్మ నాకు క్యారియరు ఇచ్చి పంపింది. చాలా దూరం నడిచాక కనిపించాడు, ఒక చిన్న మోరీ ఇవతల గట్టుమీద కూచుని, ఎర్రజెండా కర్ర మట్టిలో గుచ్చి. మోరీ అవతలి గట్టుమీద ఇంకొకాయన, అతనిదీ అదే వరస. మధ్యలో కట్ట లేదు, గోధుమరంగు నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. రాత్రంతా ఒకరి లాంతరు ఒకరు చూసుకుంటూ కూచున్నారట. నీళ్ళ చప్పుడుకి మాట వినపడదు. నాన్న క్యారియరు విప్పి, చల్దన్నం సగం తిని, మిగతా సగం మూతపెట్టి అవతలాయన వైపు చూశాడు. అటు పంపే దారి లేదు. ఆ మూత మళ్ళీ తియ్యలేదు.

వెనక స్టేషన్లో ఒక ప్యాసింజరు ఆగిపోయి ఉంది. ఊళ్ళోవాళ్ళు గంజి కాచి తెస్తే నేను గ్లాసులందించాను. ఒక పెద్దాయన, కోర్టు వాయిదా పోయిందని ఊరంతా వినపడేలా అరిచాడు. స్టేషను మాస్టరు ఆయన్ని మోరీ దాకా నడిపించి చూపించి తీసుకొచ్చాడు. తిరిగొచ్చాక ఆయన మాట్లాడలేదు, నా చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. నేను మాత్రం బళ్ళో నెలరోజులు "రైలు ఆపింది నేనే" అని చెప్పుకున్నాను. అబద్ధమాడకూడదు పిల్లలూ. కానీ ఆ నెలరోజులు భలే ఉండింది.

నేను ఆ మోరీ గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే, తుఫాను రోజుల్లో అందరూ గోదావరి వంతెన సంగతి అడుగుతారు. అది ఎన్నో వరదలు చూసేలా కట్టింది. మిగతా ఏడాదంతా మేకలు మేసే చిన్న వాగు, దానిమీద పేరు కూడా లేని వంతెన, ఒక్క రాత్రిలో మోసం చేస్తుంది. 2005 అక్టోబరు 29న తెల్లవారుజామున అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర, వానలకి పైన చెరువు తెగి అలాంటి చిన్న వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి వస్తున్న డెల్టా ప్యాసింజరు అందులో పడింది. వందమందికి పైగా పోయారు. ఆ మాట తలుచుకుంటే రైలు రద్దయిందని ఎవరిమీదా కోపం రాదు నాకు. వనభోజనాలు వచ్చే ఏడాదీ ఉంటాయి.

సంక్రాంతికి ఎలాగూ వస్తారు కదా. రాత్రి సినిమాలు చూసి పొద్దెక్కేదాకా పడుకోకండి. సామర్లకోట రాకముందే లేచి కిటికీ దగ్గర కూచోండి, చరణ్‌ని లోపలివైపు కూచోబెట్టు. రైలు ఏదైనా వాగు దగ్గర నెమ్మదిస్తే వంతెన స్తంభం చూడండి. నీళ్ళు ఎంతవరకొస్తే ప్రమాదమో రంగుతో గీత గీసి ఉంటుంది. ఇప్పుడు నీళ్ళు దానికెంత కిందున్నాయో కళ్ళతో కొలవండి. పాత కంకర మాసిపోయి ఉంటుంది. ఎక్కడైనా కొత్త కంకర తెల్లగా కనపడితే, పక్కన ఇసుక బస్తాలుంటే, ఆ ఊరి పేరు రాసుకొచ్చి నాకు చెప్పండి. ఆ చుట్టుపక్కలే ఎక్కడో నారింజరంగు చొక్కా వేసుకుని, భుజాన సుత్తితో ఒక మనిషి మీ రైలు పోయేదాకా పక్కకి తప్పుకుని నిలబడి ఉంటాడు. చెయ్యి ఊపండి. అతను తిరిగి ఊపకపోవచ్చు, చక్రాల వైపు చూస్తుంటాడు.

మామ్మ ఉసిరికాయలు ఊరేసింది. జాడీ మూత తియ్యొద్దని నాకు వార్నింగు.

ఇట్లు,
మీ తాతయ్య