దోక్కుపోయిన చోట వెంట్రుక కుదురు

కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్ళ ముంజేతులు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? గరుకు మాను రాసుకుని దోక్కుపోతూనే ఉంటాయి. పక్కు కడుతుంది, ఊడుతుంది, మళ్ళీ దింపు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద సైకిల్‌తో సహా పడ్డప్పుడు నా చెయ్యీ అలాగే అయింది. చుట్టూ ఉన్న చర్మం లోపలికి పాకి గాయాన్ని మూసేస్తుందనుకునేవాణ్ణి. అది సగమే నిజం.

పైపైన దోక్కుపోతే గాయం మధ్యలో కూడా చుక్కలు చుక్కలుగా కొత్త చర్మం లేస్తుంది. ఆ చుక్కలు చాలావరకు వెంట్రుక కుదుళ్ళ దగ్గరివే. కుదురంటే వేరే ఏదో కాదు, చర్మం పైపొరే గొట్టంలా లోపలికి దిగిన చోటు. చలికి వెంట్రుకల్ని నిక్కబొడిచే బుల్లి కండరం అతుక్కునే దగ్గర దానికి ఒక ఉబ్బు ఉంటుంది. అక్కడ మూలకణాలు, అంటే కొత్త కణాల్ని పుట్టించే కణాలు, కాపురముంటాయని 1990లో ఎలుకల చర్మంలో గుర్తించారు.

మామూలు రోజుల్లో ఈ కణాలకు పైపొరతో పనిలేదు, వెంట్రుకను మొలిపించడమే వాటి పని. దెబ్బ తగిలితే మాత్రం వాటి సంతానం పైకి పాకుతుంది. 2005లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, తొలిరోజుల్లో గాయాన్ని కప్పిన కణాల్లో సుమారు నాలుగో వంతు ఈ ఉబ్బు నుంచి వచ్చినవేనని తేలింది. తమాషా ఏమిటంటే, కొన్ని వారాలు తిరిగేసరికి వాటిలో చాలావరకు కనబడవు. ఊడ్పులకొచ్చిన కూలీల్లా పని కాగానే వెళ్ళిపోతాయి! కుదురు పైభాగం నుంచి వచ్చిన కణాలు మాత్రం ఎక్కువకాలం ఉండిపోతాయి.

అందుకే గాయం ఎంత వెడల్పన్న దానితో పాటు ఎంత లోతన్నదీ చూడాలి. గాలివానకు అరటి తోట నేలమట్టమైనా భూమిలో దుంప బతికుంటే పిలక లేస్తుంది కదా, ఇదీ అంతే. తొడ మీద నుంచి పల్చటి పొర తీసి కాలిన చోట అతికిస్తారు. కుదుళ్ళు లోపలే మిగిలాయి కాబట్టి ఆ తొడ సుమారు రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. కాలిన చోట కుదుళ్ళు కూడా మాడిపోతే ఇక అంచులే దిక్కు, గాయం పెద్దదైతే అతుకు వెయ్యక తప్పదు.

మరి దింపు మనిషి అరచేతుల సంగతి? అరచేతులకు, అరికాళ్ళకు వెంట్రుకలే ఉండవు. అక్కడ ఆ పని చెమట గ్రంథుల కణాలు చేస్తాయి.