పన్నెండు సూత్రాల్లో యూజర్ ఒక్కసారే

“డిజైన్ ఇంకా రాలేదు.” మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పొద్దున్నే స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) నిలబడేవాళ్లకి ఈ మాట కొత్తేమీ కాదు. స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) మొదలై నాలుగు రోజులైపోయింది, పనుల చిట్టా పెట్టుకునే జిరాలో టికెట్ ‘బ్లాక్డ్’లో పడింది, స్క్రీన్లు గీసిన ఫిగ్మా ఫైలు పెట్టాల్సిన డిజైనర్ సియాటిల్‌లో నిద్రపోతోంది. ఆవిడ గోడు ఆవిడది: స్క్రీన్లు పంపి నెల దాటింది, బిల్డ్ తెరిచి చూస్తే తను గీసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. టైమ్‌జోన్ మీదా, కమ్యూనికేషన్ గ్యాప్ మీదా నెట్టేసి ఊరుకుంటాం కానీ, ఈ పీటముడి పడి పాతికేళ్లు దాటింది. అప్పటికి ఫిగ్మా లేదు, జిరా కూడా లేదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్ అనే మంచుకొండల రిసార్ట్‌లో 17 మంది కలిసి, సాఫ్ట్‌వేర్‌ని చిన్న విడతల్లో చేసి చూపిస్తూ దిద్దుకోవాలనే అజైల్ మేనిఫెస్టో రాశారు. వాళ్లందరూ సాఫ్ట్‌వేర్ కట్టే వైపు నుంచి వచ్చినవాళ్లే. తెర మీద మనిషికి ఏం కనిపించాలో ఆలోచించడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మేనిఫెస్టో వెనకున్న 12 సూత్రాలు ఓసారి చదివి చూడండి. కస్టమర్‌ని సంతోషపెట్టడమే మొదటి పని అంటాయి. యూజర్ అనే మాట మాత్రం ఒక్కచోటే తగులుతుంది, అదీ స్పాన్సర్లూ డెవలపర్లూ యూజర్లూ అలుపు లేకుండా ఒకే వేగంతో సాగాలని చెప్పేచోట. డిజైన్ అన్న మాటా ఉంది, కానీ అది కోడ్ లోపలి అల్లిక గురించి.

వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. వాళ్లు వాటర్‌ఫాల్ (ఒక దశ పూర్తిగా ముగిశాకే ఇంకో దశ) దెబ్బలు తిని వచ్చారు. నెలల తరబడి డాక్యుమెంట్లు, సంతకాలు, ఆ తర్వాత కోడ్, చివర్లో అగచాట్లు. (ఆ పద్ధతికి మూలపురుషుడని అందరూ చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970లో ఆ బొమ్మ గీసి, ఇలాగే చేస్తే ప్రమాదమని ఆ వ్యాసంలోనే హెచ్చరించారు. జనం బొమ్మ చూసి పేజీ తిప్పేశారు.) అలాంటివాళ్ల దగ్గరికి డిజైనర్లు వచ్చి ‘ముందు కొన్ని నెలలు యూజర్లని గమనిస్తాం, తర్వాత మీరు మొదలుపెట్టండి’ అంటే పాత కంపే కొట్టింది.

విచిత్రం ఏమిటంటే డిజైన్ వైపువాళ్లూ చేసి, చూసి, దిద్దుకునే పనినే నమ్మారు. 1985లోనే ఐబీఎం పరిశోధకులు జాన్ గూల్డ్, క్లేటన్ లూయిస్ మూడు మాటలు చెప్పారు: మొదటి రోజు నుంచీ యూజర్ మీద దృష్టి పెట్టండి, నిజమైన మనుషుల చేత వాడించి కొలవండి, దిద్దుతూ మళ్లీ చెయ్యండి. 1993లో యాపిల్‌లో చేరిన డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ (వాడేవాళ్ల అనుభవం, పొట్టిగా యూఎక్స్) అన్న మాటని తన హోదాలోనే పెట్టుకున్నారు. అంటే డిజైనర్లూ డెవలపర్లూ ఇద్దరూ చెరిపి రాసేవాళ్లే. ఒకరు కాగితం మీద చెరుపుతారు, ఇంకొకరు కోడ్‌లో. ఏది చవక అన్న దగ్గరే తగువు.

2002లో ఆ తగువు ముఖాముఖి వాదనగా బయటపడింది. ఒకవైపు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే అజైల్ పద్ధతిని తెచ్చిన కెంట్ బెక్, ఇంకోవైపు ‘పర్సోనా’ (యూజర్‌ని ఒక ఊహా వ్యక్తిగా గీసుకోవడం) పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అలన్ కూపర్. సాఫ్ట్‌వేర్ అంటే గుడిసె వేయడం కాదు, 50 అంతస్తుల భవనం, పెద్ద ఆనకట్ట లాంటిదని, ముందు ఇంటరాక్షన్ డిజైన్ (మనిషి దాన్ని ఎలా వాడతాడన్నది) తేలాకే కోడ్ ముట్టుకోవాలని కూపర్ వాదన. 50 అంతస్తులు కట్టాక కింద పునాది పెంచి ఇంకో 50 వేయడం భవనంలో కుదరదు, సాఫ్ట్‌వేర్‌లో అది రోజూ జరిగే పనే అని బెక్ జవాబు. నిర్ణయాలన్నీ ఒక్క డిజైనర్ దగ్గర ఆగితే అక్కడే ఇరుకు దారి తయారవుతుందన్నది బెక్ భయం. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఎవరూ గెలవలేదు.

బెక్ పద్ధతిలో యూజర్ స్థానం ఎవరిదో చూస్తే అసలు లోపం కనిపిస్తుంది. ఆ పద్ధతి పదునెక్కింది క్రైస్లర్ కంపెనీ జీతాల సిస్టమ్ దగ్గర. టీము పక్కనే జీతాల లెక్కలు తెలిసిన మనిషి కూర్చుని ఏది కావాలో చెప్పేవారు. కంపెనీ లోపలే వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి అది సరిపోతుందేమో. లక్షలమంది ముక్కూమొహం తెలియనివాళ్లు వాడే సరుకైతే ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారు? చాలాచోట్ల ప్రొడక్ట్ ఓనర్ (టీము ఏం చెయ్యాలో నిర్ణయించే మనిషి) కూర్చున్నారు. ‘యాజ్ ఎ యూజర్, ఐ వాంట్ టు...’ (యూజర్‌గా నాకు ఇది కావాలి) అని టికెట్ రాసేస్తే యూజర్ వచ్చేసినట్టే లెక్క.

రాజీ దారి టొరంటోలో దొరికింది. ఏలియస్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ స్కెచ్‌బుక్ ప్రో లాంటి సరుకులు చేసేది, తర్వాత ఆటోడెస్క్ దాన్ని కొనేసింది. అక్కడి లిన్ మిల్లర్ 2005లో, డెజిరే సై 2007లో తమ అనుభవాన్ని రాశారు. పద్ధతి ఇది: డెవలపర్లు ఈ విడత కోడ్ రాస్తుంటే, డిజైనర్లు వచ్చే విడతకి స్క్రీన్లు సిద్ధం చేస్తారు, ఆపై విడత కోసం కస్టమర్ల దగ్గర సమాచారం సేకరిస్తారు, పోయిన విడతలో తయారైనదాన్ని మనుషుల చేత వాడించి చూస్తారు. నాలుగు పనులూ ఆ ఒక్క విడతలోనే. తొలి విడతలో స్క్రీన్లతో పెద్దగా పనిలేని లోపలి పనులు డెవలపర్లకి ఇస్తే డిజైనర్లకి ఆ ఒక్క అడుగు ముందు దొరుకుతుంది. డిజైన్ని కూడా చిన్న ముక్కలుగా కోసి, ముక్కముక్కనీ పరీక్షించారు. నా లెక్కలో ఈ మొత్తం కథలో అతి తెలివైన పని ఇదే.

బయటికి పాకింది మాత్రం పద్ధతిలో సగమే. ‘డిజైనర్ ఒక స్ప్రింట్ ముందు ఉండాలి’ అన్న వాక్యం అందరికీ వచ్చింది. పోయిన విడతని వాడించి చూడటం, రోజూ డెవలపర్ల పక్కన కూర్చోవడం జారిపోయాయి. మిగిలింది రెండు వారాల వాటర్‌ఫాల్. ఆఫ్‌షోర్ పనిలో ఇది ఇంకా ముదిరింది. క్లయింట్ దగ్గర డిజైన్, హైదరాబాద్‌లో కోడ్, మధ్యలో ఒక జిప్ ఫైలు, తర్వాతి రోజుల్లో ఒక లింకు. బటన్ ఎందుకు అక్కడుందో అడిగే వీలు లేని డెవలపర్, ఉన్నది ఉన్నట్టు కట్టి పంపడం నేర్చుకున్నాడు.

2008లో టొరంటోలోనే జరిగిన అజైల్ సమావేశంలో కూపర్ కీలకోపన్యాసం ఇచ్చారు. పాత ప్రత్యర్థి పెళ్లిపందిట్లో ముందు వరసలో కూర్చున్నట్టు. 2011లో జెఫ్ గోథెల్ఫ్ ‘లీన్ యూఎక్స్’ పేరుతో, అందంగా తీర్చిన డాక్యుమెంట్లు అప్పజెప్పడం మానండి, ఊహని చిన్నగా కట్టి పరీక్షించండి అన్నారు. అజైల్ టీములు బాగా వాడే స్క్రమ్ పద్ధతికి నియమాల పుస్తకమైన అప్పటి స్క్రమ్ గైడ్ మాత్రం టీములో ఎవరు ఏ పని చేసినా హోదా ఒక్కటే, డెవలపర్, అని తేల్చేసింది. సమానత్వమే ఉద్దేశం, కానీ డిజైనర్ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానివల్ల తెలియకుండా పోయింది.

లెక్క కూడా కుదరాలి కదా. 2012 ప్రాంతంలో తమ దగ్గర 72 మంది కోడర్లకి ఒక్క డిజైనర్ ఉండేవారని, తర్వాత దాన్ని ఎనిమిదికి ఒకరి దాకా తెచ్చామని ఐబీఎం తనే చెప్పుకుంది. ఏలియస్ పద్ధతి నడవాలంటే డిజైనర్ ఒక టీముని అంటిపెట్టుకుని ఉండాలి. మన దగ్గర నాలుగు టీములకి ఒక్కరిని పంచడం మామూలే. నాలుగు స్టాండప్‌లు ముగించుకుని ఆవిడ సీటు దగ్గరికి వచ్చేసరికి పన్నెండవుతుంది. అప్పటికి చాట్‌లో ఒక మెసేజ్ వచ్చి ఉంటుంది: “మేడమ్, డిజైన్ ఎప్పుడొస్తుంది?”